నెట్ కొంచెం, పని మొత్తం

చెన్నై–హౌరా రైలు మార్గం తుని మీదుగానే పోతుంది. జాతీయ రహదారీ ఊరిని ఆనుకునే ఉంది. పట్టణంలో ఉన్నంతసేపు ఇంటర్నెట్‌కు లోటేముందిలే అనిపిస్తుంది. తమలపాకుల బుట్ట పక్కన కూడా క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది. అక్కడి నుంచి కోటనందూరు, రౌతులపూడి వైపు కొండవార ఊళ్లకు వెళ్తే సంగతి వేరు. డాబా ఎక్కితే ఒక గీత వస్తుంది, మెట్లు దిగితే అదీ పోతుంది. సిగ్నల్ బాగానే ఉన్న ఇళ్లలో కూడా రోజుకు ఒకటిన్నర జీబీ. చెల్లి క్లాసులు, అమ్మ సీరియల్, నాన్న ఫోన్‌పే అన్నీ అందులోనే సర్దుకోవాలి.

అలాంటి ఇంట్లో ఉంటూ, సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ ఒకటి సంపాదించుకుని, దానిలో లినక్స్ పెట్టుకుని పని నేర్చుకోవాలనుకునే వాళ్ల కోసం రాస్తున్న అధ్యాయం ఇది. "మా ఊళ్లో నెట్ ఉండదండీ, వచ్చినప్పుడు చూద్దాం లెండి" అని చదువుకునే పిల్లలు అంటుంటే నాకు బాధేస్తుంది. ఆ ఆగడంలో ఏడాది ఇట్టే గడిచిపోతుంది. నెట్ తక్కువైతే పని నెమ్మదిస్తుంది, అంతే. ఆగిపోవలసిన అవసరం లేదు.

లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ అంతా ప్యాకేజీల రూపంలో నెట్ నుంచి వస్తుందన్నది నిజమే. లినక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ 12లోనే 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. అయితే ప్యాకేజీని దించుకోవడం ఒక పని, దాన్ని మెషీన్‌లోకి ఎక్కించడం మరో పని. రెండూ ఒకేచోట, ఒకే గంటలో జరగాలని ఎక్కడా లేదు. దించుకోవడం కాకినాడలో, ఎక్కించడం మీ ఊళ్లో కావచ్చు. ఒక లెక్క చూడండి. 32 జీబీ పెన్‌డ్రైవ్ నిండా ఫైళ్లతో కాకినాడలో బస్సెక్కి రెండు గంటల్లో తునిలో దిగారనుకుందాం. అది సెకనుకు దాదాపు 35 మెగాబిట్ల వేగంతో సమానం. చాలా ఇళ్లలో ఫోన్ హాట్‌స్పాట్‌కు రెండు గంటలూ అంత వేగం నిలకడగా రాదు.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. మన దగ్గర లినక్స్ వ్యాపించిందే ఇలా. 2003లో మొదలైన లినక్స్ ఫర్ యూ పత్రికతో పాటు సీడీ వచ్చేది. మరో పంపిణీ ఉబుంటు వాళ్లు 2005 నుంచి 2011 వరకు అడిగిన వారికల్లా ఉచితంగా పోస్టులో సీడీలు పంపారు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు మెనూలతో ఆపరేటింగ్ సిస్టం తయారుచేసి చేతికిచ్చింది. సీడీ చేతులు మారడమే అప్పటి డౌన్‌లోడ్. ఇప్పుడు సీడీ పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది, దారి మాత్రం అదే.

కొనకముందే వైఫై చూడండి

సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొనేటప్పుడు అందరూ ర్యామ్ అడుగుతారు, హార్డ్‌డిస్క్ అడుగుతారు. వైఫై కార్డు ఎవరిదో అడిగేవాళ్లు తక్కువ. మీరు మాత్రం అడగాలి. నెట్ ఉన్నవాడికి వైఫై డ్రైవర్ లేకపోవడం పది నిమిషాల చికాకు. నెట్ లేనివాడికి అది తాళం లోపల పెట్టి తలుపేసుకున్నట్టే. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ రావాలంటే నెట్ కావాలి.

అందుకని షాపుకు వెళ్లేటప్పుడే లినక్స్ మింట్ అనే పంపిణీ లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) జేబులో వేసుకెళ్లండి. "అన్నా, ఒక్క ఐదు నిమిషాలు ఇది పెట్టి చూసుకుంటాను, మెషీన్‌లో ఏదీ మార్చను" అని చెప్తే కాదనేవాళ్లు తక్కువే. "చూసుకో తమ్ముడూ, విండోస్ మాత్రం పోగొట్టకు" అంటారు. లైవ్‌లో నడిపితే విండోస్‌కు ఏమీ కాదు. తెర వచ్చాక కింద మూలనున్న నెట్‌వర్క్ గుర్తు నొక్కండి. చుట్టుపక్కల షాపుల వైఫై పేర్లు వరుసగా కనిపిస్తే ఆ కార్డుతో మీకు పేచీ లేదు.

కనిపించకపోతే టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టి, ఖాళీ వదిలి, చిన్న గీత పెట్టి ఎన్ఎన్‌కే అని చేర్చండి. లోపలున్న కార్డులన్నీ వరుసగా వస్తాయి. వాటిలో నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుస వెతకండి. దాని చివర బ్రాకెట్లలో రెండు ముక్కల సంఖ్య ఉంటుంది. మొదటి ముక్క కంపెనీది. 8086 ఇంటెల్, 168సీ ఏథరోస్, 10ఈసీ రియల్‌టెక్, 14సీ3 మీడియాటెక్, 14ఈ4 బ్రాడ్‌కామ్. రెండో ముక్క మోడల్‌ది. ఈ సంఖ్యను కాగితం మీద రాసుకోండి. కార్డు పైన అంటించిన పేరు, పెట్టె మీద పేరు తేడా పడవచ్చు గానీ ఈ సంఖ్యను నమ్మొచ్చు. కింద వరుసలో కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్ అని ఉంటే డ్రైవర్ దొరికిందన్నమాట. ఆ మాటే లేకపోతే దొరకలేదు. యూఎస్‌బీకి తగిలించే చిన్న వైఫై డాంగిల్ అయితే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అని కొట్టాలి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నెట్ కరువున్న ఇంటికి ఇంటెల్, ఏథరోస్ కార్డులున్న పాత మెషీన్లే మేలు. పాత ఏథరోస్ కార్డులు చాలావరకు ఏ ఫర్మ్‌వేరూ (కార్డులోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాం) అడగకుండా పనిచేస్తాయి. ఇంటెల్‌కు ఫర్మ్‌వేర్ ఫైలు కావాలి గానీ అది ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌లోనే ఉంటుంది. డెబియన్ వాళ్లు చాలా ఏళ్లు ఇలాంటి ఫైళ్లను, అవి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదన్న కారణంతో, మామూలు ఇన్‌స్టాలర్‌లో ఉంచలేదు. 2022లో ఓటింగ్ పెట్టుకుని మనసు మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్ అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. పల్లెల్లో ఉన్నవాళ్లకు ఆ ఓటు చేసిన మేలు చిన్నది కాదు. కాబట్టి ఎవరైనా పాత డెబియన్ డీవీడీ ఇస్తానంటే తీసుకోకండి, 12 గానీ ఆ తర్వాతది గానీ అడగండి.

రియల్‌టెక్ విషయంలో మోడల్ చూడాలి. ఉదాహరణకు చౌక లాప్‌టాప్‌లలో విరివిగా వచ్చిన 8821సీఈ కార్డును కెర్నల్ 5.9 నుంచి లినక్స్ తనంతట తానే గుర్తిస్తోంది. అంతకు ముందు కెర్నల్ ఉన్న పంపిణీ పెట్టుకుని, బయటి డ్రైవర్ కోసం తిరగడం కన్నా కొత్త పంపిణీ ఒకటి తెచ్చుకోవడం తేలిక. బ్రాడ్‌కామ్ దగ్గరే అసలు చిక్కు. దాని సంగతి కాస్త ఆగి చెప్తాను.

ముందు ఫోన్ తీగ

వైఫై లేకుండానే నెట్ వచ్చే దారి దాదాపు అందరి దగ్గరా ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో లాప్‌టాప్‌కు కలిపి, సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ పేజీలో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని తీగ నెట్‌వర్క్‌లా చూస్తుంది. వేరే డ్రైవర్ అక్కరలేదు. ఫోన్ వైఫైకి కలిసి ఉంటే ఆ వైఫై నెట్టే తీగలోంచి లాప్‌టాప్‌కు వస్తుంది. అంటే పక్కింటి వాళ్ల వైఫై వాడుకోనిస్తే మీ మొబైల్ డేటా ఖర్చు కాకుండా పని జరుగుతుంది. టెథరింగ్ మీట నొక్కడానికే రాకపోతే తీగను అనుమానించండి. బస్టాండుల్లో అమ్మే కొన్ని తీగలు ఛార్జింగ్‌కే పనికొస్తాయి, లోపల డేటా తీగలుండవు.

ఇంట్లో ఏపీ ఫైబర్‌నెట్ వంటి కనెక్షన్ ఉంటే ఇంకా మంచిది. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి ఊళ్లకు నెట్ ఇచ్చే పథకం ఇది. ఇంట్లో పెట్టిన ఫైబర్ పెట్టె వెనక లాన్ పోర్టు ఉంటుంది. వైఫై తంటాలు తర్వాత చూసుకోవచ్చు, ముందు లాన్ తీగ గుచ్చండి.

డ్రైవర్ ఉన్నా వైఫై రాకపోతే, డ్రైవర్ జోలికి పోకముందు మూడు సంగతులు చూడాలి. ఒకటి, ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొట్టి చూడండి. హార్డ్ బ్లాక్డ్ దగ్గర యస్ అని ఉంటే లాప్‌టాప్ అంచున ఉన్న వైఫై మీటో, విమానం గుర్తున్న మీటో ఆఫ్‌లో ఉందని. సాఫ్ట్ బ్లాక్ అయితే ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై అంటే పోతుంది. రెండు, ఫోన్ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టి ఉంటే 2.4 మాత్రమే తెలిసిన పాత కార్డుకు ఆ పేరే కనిపించదు. పక్కింటి రౌటర్ కనిపించి మీ ఫోన్ మాత్రం కనిపించకపోతే నూటికి తొంభైపాళ్లు ఇదే కారణం. ఫోన్ సెట్టింగ్‌లో 2.4కు మార్చండి. మూడోది ఎవరికీ తట్టనిది, తేదీ. పాత లాప్‌టాప్‌లో బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటే, ఛార్జర్ తీసి మళ్లీ ఆన్ చేసేసరికి తేదీ ఏళ్ల వెనక్కు పోతుంది. అప్పుడు వైఫై కలిసినా బ్రౌజర్ సర్టిఫికెట్ చెల్లదంటుంది, ప్యాకేజీల జాబితాలు తెచ్చే ఆప్ట్ అప్‌డేట్ కూడా ఒప్పుకోదు. తేదీ సరిచేయగానే రెండూ దారికొస్తాయి.

ఇక బ్రాడ్‌కామ్. చాలా మోడళ్లకు ఉబుంటులో బీసీఎమ్‌డబ్ల్యూఎల్-కెర్నల్-సోర్స్ అన్న ప్యాకేజీ కావాలి. దీనికోసం నెట్ వెతుక్కోనక్కరలేదు. ఉబుంటు ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌ను తిరిగి గుచ్చి, పూల్ అన్న ఫోల్డర్ తెరిచి, దానిలో రెస్ట్రిక్టెడ్, బీ వరుసగా దిగండి. ఆ ప్యాకేజీ అక్కడే ఉంటుంది. దానికి తోడు కావలసిన డీకేఎమ్‌ఎస్ వంటివి కూడా పూల్‌లోనే మెయిన్ కింద ఉంటాయి. అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి ఒకేసారి ఎక్కించాలి. డెబియన్‌లో ఫర్మ్‌వేర్-బీ43-ఇన్‌స్టాలర్ అనే మరో ప్యాకేజీ ఉంది, పేరు చూసి దించుకెళ్లకండి. అది ఎక్కేటప్పుడు అసలు ఫర్మ్‌వేర్ కోసం మళ్లీ నెట్‌కే వెళ్తుంది. అంత దూరం మోసుకెళ్లి ఇంటి దగ్గర తెరిస్తే చేతికేమీ దక్కదు. డ్రైవర్ ఎక్కినట్టే చూపించి వైఫై రాకపోతే బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందేమో చూడండి. మీ మెషీన్‌లో తయారైన డ్రైవర్‌కు దానికి నచ్చే సంతకం ఉండదు కాబట్టి లోపలికి రానివ్వదు.

డేటా కారిపోకుండా

ఇన్‌స్టాల్ ఇమేజ్‌ను మాత్రం ఇంటి డేటాతో దించుకోవద్దు. లినక్స్ మింట్ 3 జీబీకి అటూ ఇటూ, డెబియన్ మొదటి డీవీడీ 4 జీబీ లోపు, ఉబుంటు 24.04 దాదాపు 6 జీబీ. ఉబుంటు ఫైలు ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కూడా కాదు, ఆ పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. అందుకే నెట్ సెంటర్‌కు తీసుకెళ్లే పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకెళ్లండి. నెట్ తక్కువున్న ఇంటికి నేను డెబియన్ డీవీడీనే సూచిస్తాను. ఎందుకంటే దాన్ని ఆప్ట్-సీడీరామ్ యాడ్‌తో ప్యాకేజీల మూలంగా చేర్చుకుంటే, డెస్క్‌టాప్, ఆఫీసు, కంపైలర్ల వంటివి తర్వాత కూడా నెట్ లేకుండానే ఎక్కించుకోవచ్చు. దించిన ఫైలు షా256 చెక్‌సమ్‌ను సరిచూడటం మరవద్దు. ఇంటికొచ్చాక సగం కాపీ అయిన ఫైలని తెలిస్తే మళ్లీ బస్సు ఛార్జీ.

ఇన్‌స్టాల్ అయ్యాక మీకు తెలియకుండా డేటా తినేవి కొన్ని ఉంటాయి. అప్‌డేట్‌లు తమంతట తామే దిగుతాయి, ఉబుంటులో స్నాప్‌లనే మరో రకం ప్యాకేజీలూ అంతే. నెట్‌వర్క్ సెట్టింగ్‌లో మీ కనెక్షన్‌ను మీటర్డ్ అని గుర్తు పెట్టండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్స్‌లో ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆపండి. స్నాప్‌లకు స్నాప్ రీఫ్రెష్ హోల్డ్ ఉంది. రోజువారీ కోటా అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంతో 100 ఎంబీ దిగాలంటే మూడున్నర గంటలు. కోటా ఎవరు తిన్నారో తెలియక ఇంట్లో గొడవ పడేకన్నా ముందే కట్టడి చేసుకోవడం మంచిది.

ఊరికెళ్లే ముందు చీటీ

నెట్ తక్కువున్నవాళ్లు అలవాటు చేసుకోవలసింది ఒకటే, కావలసింది ముందే రాసుకోవడం. గోడ మీద ఒక కాగితం అంటించండి. పని చేస్తుండగా ఏది లేదని తట్టినా దాని మీద రాయండి. వారానికో, పది రోజులకో తుని వెళ్లినప్పుడు ఆ కాగితంలో ఉన్నవే తెచ్చుకోండి.

ఆ కాగితాన్ని కంప్యూటర్ తానే తయారుచేసేలా మన దేశపు డెబియన్ డెవలపర్ రితేష్ రాజ్ సర్రాఫ్ ఒక ఉపకరణం రాశారు. పేరు ఆప్ట్-ఆఫ్‌లైన్. ఇంట్లోని మెషీన్ మీద ఆప్ట్-ఆఫ్‌లైన్ సెట్ అంటే, ఏ ప్యాకేజీ కావాలి, దానికి తోడుగా ఇంకేవి కావాలి, ఇప్పటికే ఏవున్నాయి అన్నీ చూసుకుని ఒక చిన్న సిగ్ ఫైలు ఇస్తుంది. దాన్ని నెట్ ఉన్న మెషీన్ దగ్గర ఆప్ట్-ఆఫ్‌లైన్ గెట్‌కు ఇస్తే అన్నీ దించి ఒకే జిప్‌గా కడుతుంది. పైథాన్‌తో రాసింది కాబట్టి ఆ మెషీన్ విండోస్‌దైనా ఫర్వాలేదు. ఇంటికొచ్చి ఆప్ట్-ఆఫ్‌లైన్ ఇన్‌స్టాల్ అంటే సరి. ఒక్క మెలిక ఉంది. డీవీడీతో పెట్టుకున్న మెషీన్‌కు ఆ డీవీడీలో ఏవున్నాయో అంతవరకే తెలుసు. బయట ఏ ప్యాకేజీలున్నాయో దానికి తెలియాలంటే ముందు నెట్ చిరునామాను సోర్సెస్ లిస్టులో చేర్చి, మొదటి ప్రయాణంలో అప్‌డేట్ జాబితాలే తేవాలి, ప్యాకేజీలు రెండోసారి. మొదటిసారికి టెథరింగ్ వాడి ఆప్ట్ అప్‌డేట్ ఒక్కటి ఇంట్లోనే చేసేసుకుంటే ఒక ప్రయాణం మిగులుతుంది, పదుల ఎంబీల్లో అయిపోతుంది.

నెట్ సెంటర్‌లో "బాబాయ్, ఇందులో పైథాన్ ఎక్కించుకోనా" అంటే "ఏదీ ఎక్కించకురా అబ్బాయ్, పిల్లల హాల్‌టికెట్లు ప్రింట్ తియ్యాలి" అనే ఎక్కువసార్లు జవాబొస్తుంది. ఆయన్నీ తప్పు పట్టలేం. అప్పుడు ఫోన్‌నే వాడండి. ఇంట్లో ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్‌కు ప్రింట్-యూఆర్‌ఐస్ అన్న ఆప్షన్ చేర్చి, ప్యాకేజీ పేరు ఇస్తే దించవలసిన ఫైళ్ల చిరునామాలు, సైజులతో సహా వరుసగా వస్తాయి. ఏమీ దిగదు, జాబితా మాత్రమే. ఆ జాబితాను ఫైలుగా ఫోన్‌లోకి కాపీ చేసుకుని బయల్దేరండి. తుని బస్టాండులో సిగ్నల్ నిండుగా ఉన్నచోట కూర్చుని ఒక్కో చిరునామా బ్రౌజర్‌లో తెరిస్తే ఫైళ్లు ఫోన్ మెమరీలోకి దిగుతాయి. సైజులు ముందే తెలుసు కాబట్టి ఆ రోజు కోటాలో ఎన్ని పడతాయో లెక్క వేసుకోవచ్చు. రాత్రి ఇంటికొచ్చి తీగతో లాప్‌టాప్‌కు కలిపి, ఆ ఫైళ్లన్నిటినీ ఒక ఫోల్డర్‌లో వేసి, అక్కడి నుంచే ఆప్ట్ ఇన్‌స్టాల్, చుక్క, ఏటవాలు గీత, నక్షత్రం, చుక్క, డెబ్ అని కొడితే ఒకదానికొకటి సరిచూసుకుంటూ ఎక్కుతాయి. ఏదైనా లేదంటే దాని పేరు చెప్తుంది, కాగితం మీద రాసుకోండి.

తెలుగులో పని చేసుకునేవాళ్లు మొదటి జాబితాలో ఫాంట్స్-తెలు, ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా, టైపింగ్‌కు ఐబస్-ఎమ్17ఎన్ రాసుకోవాలి. ఎక్స్‌ట్రాలో పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. అచ్చయిన తెలుగు కాగితాలను టైపు చేయకుండా పాఠంగా మార్చుకోవాలంటే టెసరాక్ట్-ఓసీఆర్-టెల్. డీటీపీ షాపుల్లోని అను ఫాంట్ల ఫైళ్లు మాత్రం వీటితో తెరుచుకోవు, అవి వేరే పద్ధతివి. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాల్లో తెలుగులో చెప్పినవి ఉన్నాయి, దించుకుని నెట్ లేకుండా చూసుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో చోటు మిగిలితే అవి నింపండి.

దించినదాన్ని పారేయకండి

ఆప్ట్, ఆప్ట్-గెట్ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. నెట్ తక్కువున్నవాళ్లకు వాటి మధ్య ఒక పెద్ద తేడా ఉంది. ఆప్ట్ ఇన్‌స్టాల్ అని ఎక్కిస్తే, పని అయ్యాక దించిన డెబ్ ఫైలును చెరిపేస్తుంది. ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ దాన్ని వార్, క్యాష్, ఆప్ట్, ఆర్కైవ్స్ అన్న వరుసలోని ఫోల్డర్‌లో ఉంచుతుంది. కాబట్టి నెట్ నుంచి దించేటప్పుడల్లా ఆప్ట్-గెట్ వాడండి, నెలకోసారి ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. అదే పంపిణీ, అదే వెర్షన్, అదే 64 బిట్ ఉన్న స్నేహితుడి మెషీన్‌కు అవన్నీ పనికొస్తాయి. వెర్షన్ మారితే ఇవ్వకండి, ఎక్కినా తర్వాత చిక్కులు పెడుతుంది.

బడిలోనో, కాలేజీ ల్యాబ్‌లోనో 20 మెషీన్లుంటే ఈ కాపీల పని కూడా వద్దు. ఒక మెషీన్‌లో ఆప్ట్-కాషర్-ఎన్‌జీ ఎక్కించి, మిగతా 19 మెషీన్లలో ఆప్ట్‌కు ప్రాక్సీగా దాని చిరునామా, 3142 పోర్టు ఇవ్వండి. ఎవరైనా ఒకరు దించిన ప్యాకేజీ ఆ మెషీన్‌లో నిలవ ఉంటుంది, రెండోవాళ్ల నుంచి అది ల్యాబ్ లాన్ తీగ మీదే వెళ్తుంది. 200 ఎంబీల అప్‌డేట్‌ను ఇరవై మెషీన్లూ విడివిడిగా దించితే 4 జీబీ. ఇలా చేస్తే బయటి నుంచి వచ్చేది 200 ఎంబీలే.

పెన్‌డ్రైవ్‌లో దాచిన ఫోల్డర్‌కు పంపిణీ పేరు, వెర్షన్, దించిన తేదీ మూడూ కలిపి పేరు పెట్టండి. ఫాంట్లు, కంపైలర్లు, ఆఫీసు వంటివి నెలల తర్వాత కూడా నిశ్చింతగా ఇవ్వొచ్చు. బ్రౌజర్‌ను మాత్రం పాత ఫోల్డర్ నుంచి ఎవరికీ ఎక్కించకండి. దానికి భద్రతా సవరణలు తరచూ వస్తుంటాయి, పాతది పెట్టుకుని బ్యాంకు పేజీ తెరవడం ప్రమాదం. ఊరికి వెళ్లిన ప్రతిసారీ జాబితాలో మొదటి పేరు దానిదే ఉండాలి.